599 రూపాయల గ్రాటిట్యూడ్ జర్నల్: ఐదు నెలలు రాశాక చెప్తున్నా

గ్రాటిట్యూడ్ జర్నల్ అంటే దేనికి కృతజ్ఞతగా ఉన్నామో రాసుకునే పుస్తకం. పోయిన ఆగస్టులో ఆన్‌లైన్‌లో కొన్నానండి, 599 పడింది, డెలివరీ ఫ్రీ. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే ఇలాంటివి ఇప్పుడు బోలెడు వస్తున్నాయి, అట్ట మీద బొమ్మ మారుతుంది గానీ లోపల సరుకు ఇంచుమించు ఒకటే, కాబట్టి మీరు ఏది కొనాలనుకుంటున్నా నేను చెప్పేది పనికొస్తుంది. ఏ5 సైజు, గట్టి అట్ట, 90 రోజులకి 90 పేజీలు, మధ్యలో రిబ్బన్. కాగితం మాత్రం నిజంగా బాగుంది, 100 జీఎస్ఎం (కాగితం ఎంత దళసరో చెప్పే లెక్క) అన్నారు, నా ఇంకు పెన్నుతో రాసినా వెనక పేజీలోకి దిగలేదు.

ఎందుకు కొన్నానంటే జూన్‌లో మా నాన్నకి స్టెంట్ వేశారు. ఆయన ఇంటికొచ్చి హాయిగా తిరుగుతున్నారు, నాకే రాత్రి ఒంటిగంటకి మెలకువ వచ్చేసి ఇంక నిద్ర పట్టేది కాదు, ఫోన్ తీసుకుని తెల్లారేదాకా ఏదో ఒకటి చూస్తూ కూర్చునేదాన్ని, పగలు పిల్లల మీద అరవడం, తినేది ఏంటో తెలీకుండా తినేయడం, రోజులు అలా దొర్లిపోతున్నాయి. ఆఫీసులో నాతో పనిచేసే ఒకావిడ చెప్పింది, పడుకునే ముందు ఫోన్ పక్కన పెట్టి ఆ రోజు జరిగిన మంచి నాలుగు ముక్కలు రాసుకో, నాకు పనిచేసింది అని. సరే చూద్దామని ఆర్డర్ పెట్టేశా.

ప్రతి పేజీలో పొద్దున భాగం, రాత్రి భాగం ఉంటాయి. పొద్దున ఒక అఫర్మేషన్, అంటే మనకి మనమే ధైర్యం చెప్పుకునే మాట, రాయాలి, రాత్రి ఆ రోజు దేనికి కృతజ్ఞతగా ఉన్నారో ఐదు రాయాలి, కింద మూడ్ కోసం ఐదు మొహాల బొమ్మలు, అందులో ఒకదానికి రంగు వేయాలి. అన్నీ ఇంగ్లీషులోనే. పొద్దున భాగం నేను నాలుగో రోజే వదిలేశా, నేను చాలా శక్తివంతురాలిని అని పొద్దున్నే కుక్కర్ విజిల్స్ మధ్య రాసుకోవడం నాకు కుదరలేదు. రాత్రి భాగం మాత్రం పట్టుదలగా 21 రోజులు వరసగా రాశా.

ఆ 21 పేజీలు ఇప్పుడు తిరగేస్తే మొదటి వారం బానే ఉంది, పన్నెండో రోజు నుంచి ఇల్లు, ఆరోగ్యం, పిల్లలు, ఉద్యోగం, నాన్న బాగుండటం, మళ్ళీ ఇల్లు, ఆరోగ్యం, పిల్లలు. హాజరు పట్టీలో టిక్కు పెట్టినట్టు. అబద్ధం ఒక్కటీ లేదు, కానీ రాసేటప్పుడు మనసులో ఏమీ కదల్లేదు. తర్వాత పది రోజులు పుస్తకం ముట్టుకోలేదు.

ఆ గ్యాప్‌లోనే దీని గురించి కొంచెం చదివాను. 2003లో అమెరికాలో రాబర్ట్ ఎమ్మన్స్, మైఖేల్ మెకల్లో అని ఇద్దరు సైకాలజీ ప్రొఫెసర్లు స్టూడెంట్స్‌ని మూడు గుంపులు చేసి, ఒక గుంపుని దేనికి కృతజ్ఞతగా ఉన్నారో, ఒక గుంపుని చిరాకులు, ఇంకో గుంపుని మామూలు సంగతులు రాయమన్నారు, కృతజ్ఞత రాసినవాళ్ళు జీవితం బానే ఉందని ఎక్కువగా చెప్పారు, ఒంట్లో బాగోలేదన్న కంప్లైంట్లు కూడా తగ్గాయి. ఈ జర్నల్స్ అమ్మేవాళ్ళందరూ చెప్పేది దీని గురించే. కానీ వాళ్ళు చెప్పని సంగతి ఒకటుంది, ఆ మొదటి స్టడీలో వాళ్ళు రాసింది రోజూ కాదు, వారానికి ఒక్కసారి, పది వారాలు. సోన్యా ల్యుబోమిర్‌స్కీ అని ఇంకో ప్రొఫెసర్ అయితే వారానికి ఒకసారి రాసేవాళ్ళనీ మూడుసార్లు రాసేవాళ్ళనీ పోల్చి చూస్తే ఒకసారి రాసినవాళ్ళకే ఉపయోగం కనిపించింది. ఇది చదివాక నా మీద నాకున్న చిరాకు పోయింది. 90 రోజులు వరసగా రాయకపోతే ఫెయిల్ అయినట్టు ఈ పుస్తకం మొదటి పేజీలోనే ఒక చార్ట్ ఇచ్చి భయపెడుతుంది, అది తీసేస్తే బాగుంటుంది.

అప్పట్నుంచి బుధవారం, ఆదివారం మాత్రమే రాస్తున్నా. పద్ధతి కూడా మార్చేశా, నాకు ఈ పుస్తకం పనిచేసింది ఆ మార్పు వల్లే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

మా తాతయ్యకి ఊళ్ళో కిరాణా కొట్టు ఉండేది. ఎర్ర అట్ట పొడుగు పుస్తకంలో పద్దులు రాసేవారు, పేరు, ఏం తీసుకున్నారు, ఎంత, ఏ తేదీ. కందిపప్పు కేజీ అని ఉంటుంది గానీ సరుకులు అని ఎప్పుడూ ఉండదు. నేనూ అలాగే పద్దు రాయడం మొదలుపెట్టా. ఆరోగ్యం, ఇల్లు అని రాయడం మానేసి, మనిషి పేరు, ఆ మనిషి దగ్గర నేను తీసుకున్నది ఏంటి, ఎప్పుడు. రోజుకి ఐదు కాదు, ఒక్కటి లేదా రెండు, కానీ పూర్తిగా.

ఉదాహరణకి ఒక బుధవారం నీళ్ళు అని రాయబోయి ఆగిపోయా. నీళ్ళు ఎవరిచ్చారు? మా కూకట్‌పల్లి వైపు గోదావరి నీళ్ళు వస్తాయి, ఎల్లంపల్లి దగ్గర్నుంచి సుమారు 180 కిలోమీటర్లు పైపుల్లో, మధ్యలో ఎంతమంది డ్యూటీలో ఉంటే అక్కడ్నుంచి ఇక్కడికి వస్తున్నాయో. సరే ఆ చివర మా బిల్డింగ్‌లో ఎవరు? వాచ్‌మన్ భార్య. సంప్‌లోంచి పైన ట్యాంక్‌కి మోటర్ వేసేది ఆవిడ. ఆరేళ్ళుగా ఉంటున్నా ఆ మోటర్ ఎన్నింటికి వేస్తుందో నాకు తెలీదు. మర్నాడు అడిగితే నాలుగున్నరకి అంది, నిండిందో లేదో చూడ్డానికి పైప్ మీద చెయ్యి పెట్టి సౌండ్ వింటుందట, పొంగిపోయేముందు పైప్ వణుకు మారుతుందట. రోజూ అంత పొద్దున్నే లేస్తావా అంటే "గందులేముందక్కా, లేస్తనే ఉంట గద" అంది. ఆ రోజు పద్దులో ఆవిడ పేరు రాసి, పక్కన నాలుగున్నర, ఆరేళ్ళు, పైప్ మీద చెయ్యి అని రాశా. ఇప్పటికీ బాత్రూంలో ట్యాప్ తిప్పితే ఆవిడ చెయ్యే గుర్తొస్తుంది. ఐదు మొహాల బొమ్మలకి రంగు వేస్తే ఇది రాలేదు నాకు.

తర్వాత ఇంకో రెండు గడులు గీసుకున్నా, ఈ ఆలోచన నాది కాదు. జపాన్‌లో నైకాన్ అని ఒక పద్ధతి ఉంది, యోషిమోతో ఇషిన్ అని ఒకాయన మొదలుపెట్టారు, ఆయన కూడా వ్యాపారం చేసిన మనిషే. ఒక మనిషిని తల్చుకుని మూడు ప్రశ్నలు వేసుకోవాలి, ఆ మనిషి దగ్గర నేనేం పొందాను, ఆ మనిషికి నేనేం ఇచ్చాను, ఆ మనిషిని నేనేం ఇబ్బంది పెట్టాను. మామూలుగా అమ్మతో మొదలుపెడతారు. అక్కడ వారం రోజులు ఒక చోటే కూర్చుని ఇదే చేస్తారు, నేను పేజీలో మూడు గడులు గీశానంతే. మూడో గడి రాయడం చాలా కష్టమండి, చెయ్యి ఆగిపోతుంది. కానీ ఆ గడి ఉంటేనే మొదటి గడిలో రాసిన దానికి బరువొస్తుంది. వాచ్‌మన్ భార్య పక్కన మూడో గడిలో నేను రాసుకున్నది, అక్టోబర్‌లో నీళ్ళు ఒక గంట లేటయితే పిల్లల ముందే ఆవిడ మీద కేకలేశాను అని.

మరి తెలిశాక ఏం చెయ్యాలి? పుస్తకంలో ప్రతి వారం చివర ఒక పేజీ ఉంది, ఎవరికైనా థాంక్యూ లెటర్ రాయండి అని. మన దగ్గర అది అంత తేలిగ్గా నడవదు. అమ్మకి థాంక్స్ చెప్తే "ఏంటే పరాయిదానిలా" అంటుంది, కాస్త బాధపడుతుంది కూడా. మనం చెప్పే పద్ధతి వేరే. మా నాన్నమ్మ పక్కింటోళ్ళ గిన్నె ఎప్పుడూ ఖాళీగా తిరిగి ఇచ్చేది కాదు, ఇంట్లో ఏమీ లేకపోతే నాలుగు కరివేపాకు రెబ్బలు, గుప్పెడు చక్కెర అయినా వేసి పంపేది. తాతయ్య ఎక్కడ భోజనం చేసినా లేచేముందు అన్నదాతా సుఖీభవ అనేవారు, పెళ్ళిలో అయినా, సొంత ఇంట్లో అయినా. దసరాకి పనిముట్లకి బొట్టు పెడతాం, కనుమకి పశువులకి. ఇవన్నీ చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నా, సిటీకొచ్చాక గిన్నెలు పోయి ప్లాస్టిక్ డబ్బాలొచ్చాయి, తిరిగి ఇవ్వక్కర్లేదు అనుకున్నాం. నేను ఆ థాంక్యూ పేజీ కొట్టేసి, ఎవరి గిన్నె నా దగ్గరుంది అని రాసుకున్నా. నిజం గిన్నె అయినా సరే, మాట సాయం అయినా సరే. వాచ్‌మన్ భార్యకి దీపావళికి డబ్బులు అందరూ ఇస్తారు, నేను వెళ్ళి ఆ రోజు అరిచినందుకు తప్పయిందని చెప్పా. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత "టీ తాగుతవా అక్కా" అంది. తాగా.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. నవంబర్‌లో మా ఆఫీసులో నాకు రావాల్సిన ఇంక్రిమెంట్ ఆపేశారు, ఆ ఆదివారం నేను పుస్తకంలో ఉద్యోగం ఉంది, అదే చాలు అని రాయబోయా. రాసి ఉంటే అది కృతజ్ఞత అయ్యేది కాదు, నోరు మూసుకోవడం అయ్యేది. ఆడపిల్లలకి ఉన్నదాంట్లో సర్దుకుపో అని పుట్టినప్పట్నుంచీ చెప్తూనే ఉంటారు, ఇప్పుడు 599 పెట్టి మనకి మనమే చెప్పుకోనక్కర్లేదు. ఆ పేజీలో నాతో కూర్చుని నా అప్రైజల్ మెయిల్ నాలుగుసార్లు దిద్దిన కొలీగ్ పేరు రాశా, మర్నాడు ఆ మెయిల్ పంపించా. అలాగే మనసు మరీ బాగోలేనివాళ్ళు దీన్నే మందు అనుకోకండి, ఓహియో స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు చాలా స్టడీలు కలిపి చూస్తే డిప్రెషన్, యాంగ్జయిటీ మీద ఇలాంటి రాతల ప్రభావం కొంచెమే అని తేలింది. డాక్టర్ దగ్గరికి వెళ్ళాల్సినవాళ్ళు డాక్టర్ దగ్గరికే వెళ్ళాలి. నా నిద్ర మాత్రం చాలావరకు కుదుటపడింది, అందులో రాత్రి ఫోన్ పక్కన పెట్టడం వాటా ఎంతో, రాయడం వాటా ఎంతో విడదీసి చెప్పలేను.

వస్తువు సంగతికొస్తే, రెండో నెలలోనే బైండింగ్ ఊడింది. 30వ పేజీ దగ్గర దారం వదులై నాలుగు పేజీలు చేతికొచ్చేశాయి, కస్టమర్ కేర్‌కి ఫోటోలు పెడితే రిటర్న్ గడువు 7 రోజులే అండి అని ఒకే మెసేజ్ మూడుసార్లు పంపారు. ఫెవికాల్ పెట్టి అతికించా. పైగా ప్రతి నాలుగు పేజీలకి ఒక పేజీ నిండా ఎవరిదో కొటేషన్, పక్కన పువ్వులు, రాసుకోడానికి చోటుండదు. ఇంత పెట్టి కొన్నదాంట్లో ఇది నాకు అస్సలు నచ్చలేదు.

సంక్రాంతికి కోనసీమ వెళ్ళినప్పుడు ఈ పుస్తకం కూడా తీసుకెళ్ళా. కనుమ ముందురోజు నాన్న అరుగు మీద కూర్చుని పిచ్చుకలకి ధాన్యపు కుచ్చు అల్లుతున్నారు, వరికంకుల మీద నీళ్ళు చిలకరించి మెత్తబడ్డాక మూడు పాయలుగా జడలాగా అల్లడం, ప్రతి వరసకి కొత్త కంకులు కలపడం. నిచ్చెన ఎక్కొద్దని డాక్టర్ చెప్పారు కాబట్టి చూరుకి కట్టేది తమ్ముడు. నేను పక్కన కూర్చుని పుస్తకంలో నాన్న పేజీ తీశా. అందులో రాసుంది, నేను హైదరాబాద్‌లో చదివిన నాలుగేళ్ళు, ఎప్పుడు ఊరొచ్చినా రావులపాలెంలో బస్సు దిగేసరికి నాన్న స్కూటర్ మీద ఉండేవారు, ఒక్కసారి కూడా నేను వెయిట్ చెయ్యలేదు అని.

నాన్నా, బస్సు ఐదింటికి కదా వచ్చేది, నువ్వు ఎన్నింటికి వచ్చేవాడివి అని అడిగా. చేతిలో కంకి ఆపకుండా "మూడున్నరకి" అన్నారు. మూడున్నరకి ఎందుకు నాన్నా అంటే "ఒక్కోసారి బస్సు ముందొచ్చేస్తుంది కదమ్మా, నువ్వొక్కదానివీ నుంచోవాలి" అన్నారు. డిసెంబర్ చలిలో కూడానా అంటే, టీ కొట్టతను తెలిసినవాడే, కొట్టు తీయకపోయినా బల్ల వేసేవాడు అని ఆ టీ కొట్టతని గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఆ టీ కొట్టతని పేరు కూడా నాన్న పేజీలోనే రాసుకున్నా, నేను ఒక్కసారి కూడా చూడని మనిషి. మొదటి రోజుల్లో నేను రాసిన నాన్న బాగుండటం అనే రెండు ముక్కల్లో ఇదంతా ఎక్కడుంది?

పుస్తకానికి 5కి 3 ఇస్తా. ఆ మూడూ కాగితానికి, నన్ను మొదలుపెట్టించినందుకు. డబ్బు పెట్టి కొంటే గానీ మొదలుపెట్టలేం అనుకునేవాళ్ళు కొనుక్కోండి, రిటర్న్ గడువులోపలే పుస్తకం మధ్యలో పూర్తిగా విప్పి దారం చూసుకోండి. మిగతావాళ్ళకి స్టేషనరీ షాపులో దొరికే 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ చాలు, స్కేలుతో మూడు గడులు గీసుకుంటే సరిపోతుంది. నా దాంట్లో ఇంకా 30 పేజీల లోపే మిగిలాయి, తర్వాతది అదే కొంటా, ఎర్ర అట్టది దొరికితే ఎర్ర అట్టది.