జబ్బు ఉందని వదిలేయాలా, కేసు పెట్టాలా?

ఒక నటికి రోజూ అర్ధరాత్రి "నువ్వు నా భార్యవి" అని మెసేజ్‌లు వస్తున్నాయనుకోండి. ఒక అకౌంట్ బ్లాక్ చేస్తే ఇంకొకటి. పంపేవాడికి మానసిక జబ్బు ఉందంటున్నారు.

"పాపం, మతి బాగాలేదు, వదిలేయండి" అనడం దయగానే వినిపిస్తుంది. కానీ ఆమె భయం తగ్గదు, అతనికి మందూ అందదు. పైగా ఏ జబ్బూ లేని బూతురాయుళ్లు ఆ మాట చాటునే దాక్కుంటారు. డిప్రెషన్‌తో నలుగుతూ ఎవరినీ పల్లెత్తు మాట అననివాళ్లకేమో చెడ్డపేరు.

ఫిర్యాదు చేయడమే సరైనదని నా అభిప్రాయం. భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ ప్రకారం స్త్రీని ఇలా వెంటాడటం నేరం. 22వ సెక్షన్ మినహాయింపు ఇస్తుంది గానీ, జబ్బు పేరు చూసి కాదు. మతిస్థిమితం లేక, ఆ సమయంలో తానేం చేస్తున్నాడో, లేదా అది తప్పని తెలియని స్థితిలో ఉండాలి. బ్లాక్ చేసిన ప్రతిసారీ దొంగ అకౌంట్ తెరిచేవాడు అది నిరూపించుకోవడం కష్టమే. ఇంట్లోవాళ్లు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయడానికి కేసు అడ్డు కాదు.