జీడిపప్పు పూత చేప: ఏడాదిన్నర వండాక కిందవైపు పూత మీద ఫిర్యాదు

ముల్లు తీసిన చేప ముక్కకి జీడిపప్పు పొడి అద్ది ఓవెన్‌లో పెట్టే ఈ వంటకం గురించి ఎక్కడ చదివినా ఒకటే మాట: "రెండు వైపులా బాగా పట్టించండి". ఆ ఒక్క మాటకి ఏడాదిన్నరలో దండగైన జీడిపప్పు తక్కువేం కాదు. పైవైపు పూత బ్రహ్మాండంగా వస్తుంది, దోరగా, కరకరలాడుతూ. కిందవైపుది చట్నీ అవుతుంది. నిన్నటి ఉప్మాలో నానిపోయిన జీడిపప్పు ఎలా ఉంటుందో అచ్చం అలా, తెల్లగా, మెత్తగా, ట్రేకి అతుక్కుని. అట్లకాడ పెట్టి ఎత్తితే చేప వస్తుంది, పూత ట్రేలోనే ఉండిపోతుంది.

వేడెక్కేకొద్దీ చేప ముడుచుకుని నీళ్ళు వదులుతుంది. 120 గ్రాముల ముక్క దించాక తూస్తే 100 దరిదాపుల్లో ఉంటుంది. పైకొచ్చిన తడి ఆవిరైపోతుంది. కిందకి దిగిన తడి ట్రేకీ ముక్కకీ మధ్య ఇరుక్కుంటుంది. అక్కడున్న పప్పు వేగదు, ఉడుకుతుంది. పైగా బాదం, వాల్‌నట్ లాంటివాటితో పోలిస్తే జీడిపప్పులో పిండిపదార్థం ఎక్కువ, తడి తగిలితే జిగురవుతుంది. కుర్మా చిక్కబడాలని మనం దాన్ని నూరి వేసేది అందుకేగా. బాదం అంత తొందరగా లొంగదు గానీ కింద అదీ మెత్తబడాల్సిందే.

జాలీ మీద పెట్టమని కొందరంటారు. సగం పని చేస్తుంది. అడుగున గాలి ఆడుతుంది నిజమే, కానీ తీగలు పూతలోకి దిగబడి, తీసేటప్పుడు చారలు చారలుగా ఊడబెరుకుతాయి. కింద ట్రేలో రాలిన పొడి మాడి ఇల్లంతా కంపు. జాలీని తోమడం వేరే శిక్ష.

ఇప్పుడు చేసేది ఒకటే, పూత పైవైపు మాత్రమే. కిందవైపు చేప తోలు ఉంటే ఇంకా మంచిది. పండుగప్ప దీనికి పుట్టిన చేప. కొట్టేటప్పుడే "పొలుసు తీసెయ్యి, తోలు మాత్రం ఉంచు" అని గట్టిగా చెప్పాలి, లేకపోతే అలవాటు కొద్దీ తోలు ఒలిచేస్తారు. కిలో చేపకి ముల్లు తీసిన ముక్క (ఫిల్లెట్) 400 నుంచి 450 గ్రాములు వస్తుంది. తల, నడిముల్లు వదలకుండా తెచ్చుకోండి, పులుసుకి ఆ తలకాయే ప్రాణం. ట్రేని కూడా ఓవెన్‌తో పాటే వేడి చేసి, నూనె రాసి, తోలు కిందకి వచ్చేలా ముక్క పెడితే చుయ్యిమంటుంది. ఆ తోలు బిగుసుకుని పళ్ళెంలా పని చేస్తుంది, అట్లకాడ సాఫీగా కిందకి దూరుతుంది. ఇన్నాళ్ళ వాడకంలో ఊహించని లాభం ఏదంటే ఇదే. పప్పు ఖర్చు సగానికి సగం తగ్గింది, రుచి ఏమీ తగ్గలేదు.

ఇక అసలు తలనొప్పి. పైవైపు పూత కూడా ఒక్కోసారి మొత్తం మూతలా లేచి వస్తుంది. కత్తి పెట్టగానే పైపెచ్చు ఒక్క ముక్కగా పక్కకి జారిపోతుంది, కింద చేప తెల్లగా, బోసిగా. దీనికి కారణం ఒకటి కాదు, నాలుగున్నాయి. ఏ ఒక్కటి వదిలేసినా అంతే సంగతులు.

మొదటిది ఫ్రీజర్ చేప. ముఖ్యంగా బాసా. ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో ఈ451, ఈ452 అని ఉంటే అవి నీటిని పట్టి ఉంచే ఫాస్ఫేట్లు. ఆ నీళ్ళన్నీ ఓవెన్‌లోనే బయటికొస్తాయి, పూతని తోసేస్తాయి. రాత్రి ఫ్రిజ్ కింది అరలో జల్లెడ మీద పెట్టి, 8 నుంచి 10 గంటలు నిదానంగా కరగనిస్తే కొంత నయం. నీళ్ళ గిన్నెలో పడేసి అరగంటలో కరిగించిన బాసాకి ఏ పూతా నిలవదు, ప్రయత్నించి కోపం తెచ్చుకోవద్దు.

రెండోది ఉప్పు వేసే సమయం. 500 గ్రాముల ముక్కలకి 6 గ్రాములు, అంటే సుమారు చెంచాడు ఉప్పు ముందే రాసి 15 నిమిషాలు వదలాలి. పైకి నీళ్ళు ఊరతాయి. వాటిని టిష్యూతో అద్దాలి, తుడవకూడదు, అద్దాలి. వేలు పెడితే తడి కాకుండా కాస్త బంకగా తగలాలి. అప్పుడే పూతకి సిద్ధం.

మూడోది మన చేతి అలవాటు: నిమ్మకాయ పిండి, అల్లం వెల్లుల్లి ముద్ద పట్టించి గంట నానబెట్టడం. వేపుడుకి అది చెల్లుతుంది, ఇక్కడ చెల్లదు. నిమ్మ పులుపుకి చేప పైపొర ఉడికినట్టు తెల్లబడి నీళ్ళు వదులుతుంది. పచ్చి అల్లంలో మాంసాన్ని విడగొట్టే ఎంజైమ్ ఉంది, ఎక్కువసేపు ఉంచితే చేప పైన పిండిపిండిగా అవుతుంది. ఆ మెత్తటి పొరకి అంటిన పూత దానితో పాటే ఊడొస్తుంది. నిమ్మకాయ తినేటప్పుడు పిండుకోండి. అల్లం తప్పదనుకుంటే రసం తీసి అరచెంచా, అదీ పూత వేసే ముందు.

నాలుగోది జిగురు పొర మందం. తెల్లసొన, పెరుగు, శనగపిండి జారు అన్నీ చూశాక మిగిలింది వడకట్టిన గడ్డ పెరుగు. నాలుగు ముక్కలకి మూడు పెద్ద చెంచాలు చాలు, గుడ్డలో రెండు గంటలు వేలాడదీసినది. తెల్లసొన గట్టిగా పట్టుకుంటుంది కానీ పెచ్చులా బిగుసుకుపోతుంది. కింద చేప ముడుచుకుంటుంటే పైన పెచ్చు ముడుచుకోదు, మధ్యలో ఖాళీ వచ్చి ఆవిరి చేరుతుంది, మూత లేచేది అక్కడే. పెరుగు మెత్తగా చేపతో పాటే కదులుతుంది. దాన్ని కూడా దోసె మీద కారం రాసినంత పలచగానే రాయాలి. పెరుగు రాసే ముందు ముక్క మీద బియ్యప్పిండి చిటికెడు చల్లి దులిపేస్తే పట్టు ఇంకా బాగుంటుంది. కారం, పసుపు, ధనియాల పొడి ఈ పెరుగులోనే కలపాలి. పప్పు పొడిలో కలిపితే 200 డిగ్రీల దగ్గర కారం నల్లబడి చేదెక్కుతుంది.

పూత అద్దాక అరచేత్తో మెల్లగా నొక్కి, మూత లేకుండా ఫ్రిజ్‌లో 20 నిమిషాలు. పెరుగులో మిగిలిన తడిని పిండి పీల్చుకుని అంతా ఒక్కటవుతుంది. తొందరలో ఈ మెట్టు దాటేస్తే పొడి సగం ట్రే మీదే రాలుతుంది.

పప్పు విషయానికొస్తే, గుండు జీడిపప్పు కొని పొడి చేయడం డబ్బు పారేసుకోవడమే. పలాసలోనో వేటపాలెంలోనో దొరికే నూక సరిపోతుంది, ధర బాగా తక్కువ. పచ్చిదే కొనాలి, వేయించింది వద్దు. ఓవెన్‌లో ఎలాగూ 12 నిమిషాలు ఉంటుంది, ముందే వేగిన పప్పు చేప ఉడికేలోపు మాడుతుంది. ఉప్పు పట్టించిన పప్పు అసలే వద్దు. నూకకి పాత నూనె వాసన త్వరగా పడుతుంది కాబట్టి డబ్బాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి. నాలుగు ముక్కలకి 80 గ్రాములు, ముక్కకి 20 చొప్పున.

పొడి కొట్టేటప్పుడు జార్‌లో తడి చుక్క ఉండకూడదు. పప్పుని పావుగంట ఫ్రీజర్‌లో పెట్టి తీసి, మిక్సీని ఆగి ఆగి, రెండేసి సెకన్లు ఐదారుసార్లు తిప్పాలి. వరసగా తిప్పితే వేడికి నూనె వదిలి ముద్దవుతుంది, ఇక దాన్ని కూరలో వేసుకోవడమే. బొంబాయి రవ్వ కంటే కాస్త పెద్ద పలుకు కావాలి. పెసరగింజంత ముక్కలు రాలిపోతాయి, మెత్తటి పొడి పేస్టవుతుంది. రవ్వ జల్లెడలో ఒకసారి జల్లిస్తే తేలిపోతుంది. దానికి ఒక పెద్ద చెంచా బియ్యప్పిండి, రెండు చిన్న చెంచాల నూనె. ఓవెన్‌లో వండితే నూనే అక్కర్లేదని మొదట్లో అందరికీ గొప్పగా చెప్పిన మాట వెనక్కి తీసుకోవాలి. నూనె లేని పూత పైన పొడిపొడిగా, పాలిపోయి, గొంతులో సుద్దలా తగులుతుంది.

జీడిపప్పే అన్నిటికంటే మేలన్న మాట మీద కూడా ఇప్పుడు అంత ధీమా లేదు. వాసన, తీపి దానివే, కాదనను. కానీ రంగు మారడం మొదలైతే ఒక్క నిమిషంలో దోర నుంచి నలుపుకి పోతుంది, చిన్న ఓటీజీలో (బల్ల మీద పెట్టుకునే కరెంటు ఓవెన్) పై రాడ్ దగ్గరగా ఉంటే మరీను. అందుకే ఈమధ్య 60 గ్రాముల జీడినూకకి 20 గ్రాముల బాదం పలుకు కలుపుతున్నాను. కరకర ఎక్కువసేపు నిలుస్తుంది. పల్లీలు చవక, కానీ చేప వాసనే తెలియదు, ఇడ్లీ పక్కన ఉండాల్సిన వాసన వస్తుంది. వాల్‌నట్ తొక్క చేదు.

హవాయిలో మకడామియా గింజలతో మాహి మాహి అనే సముద్రపు చేపకి, అమెరికా దక్షిణాన పీకన్ గింజలతో నది చేపలకి ఇదే పూత వేస్తారు. ఆ వంటకాలు చూసి చేసేవాళ్ళు 400 అంటే ఫారన్‌హీట్ అని గుర్తుంచుకోవాలి, మనకి 200 చిల్లర సెల్సియస్. ఓటీజీ మీద వేడి చూపించే ముల్లుని నమ్మడానికి లేదు. లోపల చిన్న థర్మామీటర్ వేలాడదీస్తే ముల్లు 200 దగ్గర ఉన్నప్పుడు అసలు వేడి 170 చూపించింది. ఆ ముప్పై డిగ్రీల తేడాకే పూత వేగే లోపు చేప ఎండిపోతుంది. రెండు రాడ్లూ వేసి పావుగంట ముందే వేడి చేసుకుని, రెండు సెంటీమీటర్ల మందం ముక్కని మధ్య అరలో 11 నుంచి 13 నిమిషాలు. రంగు చాలకపోతే చివరి నిమిషం పై రాడ్ మాత్రమే, అదీ అద్దం ముందు నిలబడి. పూత కప్పేసింది కాబట్టి ఉడికిందో లేదో పైనుంచి కనపడదు. పక్కనుంచి సూది థర్మామీటర్ గుచ్చి 60 దగ్గర తీస్తే, రెండు మూడు నిమిషాల్లో ట్రే వేడికే 63 కి చేరుతుంది. థర్మామీటర్ లేకపోతే పక్కన ఫోర్కుతో కదిపి చూడండి, రేకులు విడుతూ లోపల అద్దంలా ఉన్న భాగం మిగలకూడదు.

ఎయిర్ ఫ్రయర్‌లో 180 దగ్గర 9 నిమిషాల్లో అవుతుంది, కానీ ఫ్యాన్ గాలికి వదులు పలుకులు ఎగిరి పైన కాయిల్‌కి తగిలి మాడతాయి. ఫ్రిజ్‌లో పెట్టి బిగిసిన పూతైతేనే అందులో వేయండి. పెనం మీదైతే పూతవైపు ముందు కిందకి, సన్నసెగ కంటే కాస్త ఎక్కువలో మూడు నిమిషాలు కదపకుండా, ఆ తర్వాత ఒకే ఒక్కసారి తిప్పడం. ఆ తిప్పేటప్పుడే సగంమందికి ఊడుతుంది, వెడల్పాటి పలచటి అట్లకాడ లేకపోతే ఆ జోలికి వెళ్ళకండి.

ఊడితే ఊడిందని బాధపడక్కర్లేదు కూడా. ఫ్రెంచివాళ్ళ ట్రౌట్ అమాందీన్ అనే చేప వంటకంలో బాదం చేపకి అంటించనే అంటించరు, వెన్నలో విడిగా వేయించి పైన పోస్తారు. మన నెయ్యిలో జీడిపలుకు వేయించి, ఉప్పేసి కాల్చిన చేప మీద పోసినా రుచి దాదాపు అదే. పూత సరిగా కుదరని రోజు చేసేది అదే.

ఇంతకీ ఇది చేయమంటారా, వద్దంటారా అంటే ఇంటిని బట్టి. ఒక ట్రేలో నాలుగు ముక్కలే పడతాయి, నలుగురికి సరే. ఆరుగురైతే రెండో విడత వచ్చేలోపు మొదటిది మెత్తబడుతుంది. మర్నాటికి అసలు పనికిరాదు, వేడి చేసినా పూత తిరిగి బిగియదు. అతిథులొస్తే గింజల ఎలర్జీ ఉందేమో ముందే అడగాలి. బొచ్చె, రోహు లాంటి సన్నముళ్ళ చేపలకి ఇది కుదరదు, పులసకైతే ఆ ఆలోచన కూడా పాపం. పండుగప్ప దొరకని వారం కొరమేను వీపు ముక్క బాగుంటుంది. వడ్డించేటప్పుడు మాత్రం పప్పుచారు అన్నం ఉన్న కంచంలో వేయకండి, చిన్న పళ్ళెంలో విడిగా పెట్టండి. చారు అంచుకి తగిలినా చాలు, ఆ వైపు పూత రెండు నిమిషాల్లో జారిపోతుంది.