ఎకోసిమ్, అట్లాంటిస్: సముద్రంలో మార్పులను అంచనా వేయడానికి ఏది మేలు?

వేట పెరిగితేనో తగ్గితేనో ఒక సముద్ర ప్రాంతంలోని జీవరాశి ఇరవై ఏళ్లకు ఎలా మారుతుందో కంప్యూటర్‌లో చూడదలచినవారు ఎక్కువగా రెండు సాధనాల మధ్య తేల్చుకోవలసి వస్తుంది. వాటిలో మొదటిదైన ఎకోసిమ్‌కు ఆధారం ఎకోపాత్ అనే పద్ధతి. దానికి 1984లో హవాయి దీవుల్లోని ఫ్రెంచ్ ఫ్రిగేట్ షోల్స్ పగడపు దిబ్బల అధ్యయనంలో జెఫ్రీ పొలోవినా పునాది వేయగా, డేనియల్ పౌలీ, విల్లీ క్రిస్టెన్‌సెన్ దాన్ని విస్తరించారు. కాలంతో వచ్చే మార్పులను లెక్కించే ఎకోసిమ్ భాగాన్ని కార్ల్ వాల్టర్స్ జోడించారు. రెండోదైన అట్లాంటిస్‌ను ఆస్ట్రేలియా ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ఓలో బెత్ ఫుల్టన్ రూపొందించారు.

ఎకోపాత్ పద్ధతి జమాఖర్చుల చిట్టా వంటిది. వంజరం వంటి పెద్ద చేపలకు ఆహారమయ్యే నెత్తళ్ళకు వలల్లో పడే నెత్తళ్ళను కలిపితే, ఆ మొత్తం అవి ఏడాదిలో పెంచిన జీవద్రవ్యాన్ని మించకూడదు. మించితే ఆ రెంటి నిష్పత్తి 1 దాటి, నమూనా ఒప్పుకోదు. అప్పుడు నెత్తళ్ళ నిల్వను తక్కువగా వేశామా, వంజరం ఆహార పట్టికలో వాటి వాటా ఎక్కువ రాశామా అని వెనక్కి వెళ్లి చూడాలి. విసుగు పుట్టించే పనే గానీ, సమాచారంలోని లొసుగులు బయటపడేది ఇక్కడే. ఎకోసిమ్‌లో అసలు మెలిక ‘వల్నరబిలిటీ’ అనే అంకె, అంటే తినబడే జీవులు తినేవాటికి ఎంత సులువుగా చిక్కుతాయో చెప్పేది: అది 1కి దగ్గరగా ఉంటే తినే చేపలు పెరిగినా తినబడేవాటిపై ఒత్తిడి అంతగా పెరగదు, బాగా పెద్దదైతే తినే చేపలదే పెత్తనం. ముందుగా ఇచ్చిన 2నే అన్నిటికీ ఉంచేసి, పాత దిగుబడుల లెక్కలతో సరిచూడకుండా గీసిన భవిష్యత్ రేఖలను నేనైతే నమ్మను.

అట్లాంటిస్ సముద్రాన్ని బహుభుజాలుగా, వాటిని లోతు పొరలుగా విభజించి, నైట్రోజన్ ఎటు ప్రవహిస్తుందో లెక్కిస్తుంది; ప్రవాహాలు, ఉష్ణోగ్రత, చేపల వయసు, పడవల తీరుతెన్నులు కూడా అందులో ఇముడుతాయి. నీరు వేడెక్కడం వల్ల చేపలు ఎటు జరుగుతాయి, వేట నిబంధన మారితే పడవలు ఎక్కడికి పోతాయి అన్న ప్రశ్నలకు ఇదే మెరుగు. అయితే దీన్ని సిద్ధం చేయడానికి ఒక బృందానికి ఏళ్లు పట్టవచ్చు. కంప్యూటర్‌లో దాన్ని ఒక్కోసారి నడపడానికీ చాలా సమయం పడుతుంది కాబట్టి అంకెలను అటూ ఇటూ మార్చి అనిశ్చితిని పరీక్షించడం కష్టం. వివరాలు ఎక్కువైనంత మాత్రాన కచ్చితత్వం పెరగదు.

2011లో ఆంథొనీ స్మిత్, సహచరులు ఈ రెంటితో పాటు ఓస్మోస్ అనే మరో నమూనాను కూడా వాడి, పెరూ తీరంతో సహా అయిదు సముద్ర ప్రాంతాల్లో చిన్న చేపల వేట ప్రభావాన్ని పరిశీలించారు. వేట తీవ్రతను సగానికి తగ్గిస్తే ఇతర జీవులపై దెబ్బ బాగా తగ్గుతుందనీ, అయినా గరిష్ఠ దిగుబడిలో సుమారు 80 శాతం దక్కుతుందనీ తేలింది. ఒకే నమూనా చెప్పి ఉంటే ఆ మాటకు ఇంత బలం ఉండేది కాదు.

మన తూర్పు తీరానికైతే ముందు ఎకోసిమ్‌నే ఎంచుకోవాలంటాను. రేవుల్లో దిగే చేపల లెక్కలు మనకు దశాబ్దాలుగా ఉన్నాయి; ఏ చేప ఏది తింటుందన్న సమాచారమే పలుచన. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే 61 రోజుల వేట నిషేధాన్ని నెలవారీ అడుగులతో నడిచే ఎకోసిమ్‌లో సులువుగా పెట్టి చూడవచ్చు, నిషేధం లేకుంటే ఏమయ్యేదో పక్కనే పోల్చుకోవచ్చు. గోదావరి వరద నీరు తీరపు ఉప్పదనాన్ని మార్చినప్పుడు చేపపిల్లలు ఎటు చెదురుతాయన్నది ప్రశ్న అయితే మాత్రం, అట్లాంటిస్‌కు అయ్యే శ్రమను భరించక తప్పదు.