ఆరు వాట్ల మాత్ ట్రాప్‌తో రెండు వలస సీజన్లు

పోయినేడు శరత్కాలం పక్షుల, మాత్‌ల వలసలు మొదలయ్యే ముందు మా పెరటి కోసం ఒక మాత్ ట్రాప్ కొన్నాను. మాత్ అంటే రాత్రిపూట ఎగిరే, సీతాకోకచిలుక లాంటి పురుగు. వాటిని దీపంతో రప్పించి పట్టే పెట్టె ఇది. ఇప్పుడు రెండో సీజన్ నడుస్తోంది కాబట్టి దీని మంచీ చెడూ నమ్మకంగా చెప్పగలను. హీత్ ట్రాప్ అంటారు దీన్ని, జాన్ హీత్ 1965లో ప్రచురించిన నమూనా. కింద పెట్టె, దాని మీద గరాటు, గరాటు పైన మూడు పలకల మధ్య నిలబెట్టిన 6 వాట్ల యాక్టినిక్ ట్యూబు (అతినీలలోహిత కాంతి ఇచ్చే దీపం), పక్కన 12 వోల్టుల బ్యాటరీ. ఎగిరొచ్చిన మాత్ పలకకి తగిలి గరాటులోకి జారుతుంది. పెట్టెలో నేను పేర్చిన గుడ్ల అట్టల గుంటల్లో ఒదిగి పడుకుంటుంది. పొద్దున చూసి, ఫొటో తీసి, వదిలేస్తాను. పెట్టెలో ఒక్కటి కూడా చావదు.

125 వాట్ల మెర్క్యురీ దీపమైతే ఇంతకు ఎన్నో రెట్లు పడతాయి, నిజమే. నేను కావాలనే వద్దనుకున్నాను. కాలిపోతున్న ఆ బల్బు మీద వాన చినుకు పడితే పగిలే ప్రమాదం ఉంది. అంతకన్నా పెద్ద కారణం పక్షులు. వార్బ్లర్లు, ఫ్లైక్యాచర్ల లాంటి చిన్న పిట్టలు చాలావరకు రాత్రిపూటే వలస పోతాయి, గట్టి వెలుతురు వాటి దారి తప్పిస్తుంది. తెల్లారాక వాటినే చూడాలని ఎదురుచూసే మనిషిని, రాత్రి వాటి దారికి అడ్డంగా దీపం ఎలా పెడతాను?

పురుగులు వెలుగంటే మోజుతో వస్తాయని చిన్నప్పటినుంచీ అనుకునేదాన్ని. 2024లో హైస్పీడ్ కెమెరాలతో చేసిన పరిశోధన వేరే సంగతి చెప్పింది. చాలా రకాల్లో ఎగిరే పురుగు తన వీపుని వెలుతురు వైపే ఉంచుకుంటుందట. ఆకాశం వెలుగుతో పైదేదో కిందదేదో తెలుసుకునే పద్ధతి అది. దగ్గర్లో దీపం ఉంటే ఆ లెక్క తప్పి చుట్టూ గిరికీలు కొడుతుంది. అది చదివాకే ఈ మూడు పలకల విలువ తెలిసింది. గిరికీలు కొట్టేదాన్ని ఆపి కిందకి జార్చేది అవే.

ఇక మొన్నటి ఉదయం సంగతి. రాత్రంతా గాలి వలస పోయే దిక్కుకే వీచింది, మబ్బు పట్టి ఉంది. సూర్యోదయానికి అరగంట ముందు మూత తీస్తే మూడో అట్ట మీద కన్వాల్వులస్ హాక్ మాత్, దూరాలు వలస పోయే పెద్ద మాత్! పరిచిన రెక్కలు నా అరచేతి వెడల్పున ఉన్నాయి. పైనుంచి చూస్తే ఎండిన బెరడు ముక్కే. పుల్లతో మెల్లగా కదిపితే రెక్కలు కాస్త జరిగి పొట్ట పక్కన గులాబి, నలుపు పట్టీలు బయటపడ్డాయి. వేలి మీదకి ఎక్కించుకున్నాను. ఎగరబోయే ముందు కండరాలు వేడెక్కాలి కదా, రెక్కలు సన్నగా వణికించడం మొదలుపెట్టింది. ఆ వణుకు నా వేలి ఎముక దాకా తెలిసింది. రెండు మూడు నిమిషాలు అలాగే ఉండి ఝుమ్మని లేచిపోయింది. అప్పుడే తల పైన స్వాలో పిట్టలు గుంపుగా, ఏమాత్రం ఆగకుండా, ఒకే దిక్కుకు పోతున్నాయి. ఒకే గాలి మీద రెండు వలసలు!

తెల్లవారుజామున ఇలా పిట్టలు చూడటానికి 8×42 బైనాక్యులర్ (ఎనిమిది రెట్లు పెద్దగా చూపే, ముందు కటకం 42 మిల్లీమీటర్లు ఉన్నది) చక్కగా సరిపోతుంది. కంటికి అందే కాంతి వలయం 5.25 మిల్లీమీటర్లు కాబట్టి మసక చీకట్లో కూడా పిట్ట కనుబొమ గీత కనిపిస్తుంది. రెండు మీటర్ల దగ్గరకి ఫోకస్ అయ్యేది చూసుకోండి, గోడ మీద వాలిన మాత్‌ని కూడా దాంతోనే చూడొచ్చు.

లోపాలకి వస్తే, నాకు ట్రాప్‌తో పాటు వచ్చిన 7 ఆంపియర్-అవర్ బ్యాటరీ మొదటి ఏడాదే అంతంతమాత్రం. ఈ ఏడాది తెల్లవారుజామున నాలుగింటికే దీపం ఆరిపోతోంది. శరత్కాలం రాత్రులు పొడవెక్కుతాయని తెలిసి కూడా ఇంత చిన్నది ఇవ్వడం బాగాలేదు. 12 ఆంపియర్-అవర్‌ది విడిగా కొన్నాను. పెట్టె అడుగున నీళ్లు పోయే రంధ్రాలు లేవు. ఒక వాన రాత్రి అట్టలు నాని ముద్దయ్యాయి, తడిసిన మాత్‌లని ఒక్కొక్కటిగా పొడి ఆకుల మీదకి చేర్చేసరికి నాకు ఏడుపొచ్చింది. నేనే రంధ్రాలు పొడిచి, పురుగులు దూరకుండా సన్నటి జాలీ అంటించాను.

ఇంకొకటుంది, ఇది తయారుచేసినవాళ్ల తప్పు కాదు. ట్రాప్ బయట గోడ మీద వాలినవాటిని పిట్టలు రెండు రోజుల్లో కనిపెట్టేస్తాయి. నేను లేచేసరికి నేల మీద రెక్కలే మిగిలేవి. ఇప్పుడు చోటు మారుస్తుంటాను, వరసగా రెండు రాత్రులు దీపం పెట్టను, చూసినవాటిని గుబురు పొదల లోపల వదులుతాను. ట్యూబు వెలుగులో అతినీలలోహిత కిరణాలు ఉంటాయి కాబట్టి దాని వంక తేరిపార చూడకూడదు, పిల్లలకి ముందే చెప్పండి.

పెరటిలో పక్షులు చూసే అలవాటున్నవాళ్లు తప్పకుండా కొనండి, బ్యాటరీ మాత్రం పెద్దది తీసుకోండి. నిండు పున్నమి నాడు తొలిసారి వెలిగించి, ఏమీ పడలేదని వెనక్కి పంపేయకండి. వెన్నెల్లో ఎప్పుడూ తక్కువే పడతాయి.