కోల్డ్ బ్రూ పేరుతో చక్కెర పొడి: హనుమకొండలో కొనేవారికి హెచ్చరిక

హనుమకొండలో నక్కలగుట్ట వైపున్న ఒక కాఫీ దుకాణంలో కోల్డ్ బ్రూ (కాఫీ పొడిని చల్లటి నీళ్లలో నానబెట్టి చేసే, చక్కెర లేని కాఫీ) అని అమ్ముతున్నది నిజానికి చక్కెర కలిసిన ఇన్‌స్టంట్ పొడి. దాన్ని చల్లటి నీళ్లలో గిలకొట్టి, ఐస్ ముక్కలు వేసి ఇస్తున్నారు. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లు ఎవరైనా ఉంటే ఈ విషయం తప్పక తెలుసుకోవాలి.

మా బాపుకు చాలా ఏళ్లుగా షుగర్ ఉంది. పాలు గాని, చక్కెర గాని ఉండని చల్లటి కాఫీ కావాలని ఆయన కోసం కోల్డ్ బ్రూ చెప్పి, తీపి అసలే వద్దని కౌంటర్ దగ్గర స్పష్టంగా చెప్పాను. ఒక్క గుక్కకే తియ్యగా ఉందని బాపు గ్లాసు పక్కన పెట్టారు. అడిగితే, "మేము చక్కెర వెయ్యలేదు సార్, పొడిలనే ఉంటది" అన్నాడు అక్కడి అబ్బాయి. ప్యాకెట్ తెప్పించి చూస్తే పదార్థాల్లో మొదటి పేరు చక్కెర, ఆ తర్వాతే కాఫీ-చికోరీ మిశ్రమం (చికోరీ అంటే కాఫీలో కలిపే, వేయించిన ఒక వేరు పొడి). లేబుల్ మీద పదార్థాలను బరువులో ఎక్కువ ఉన్నదానితో మొదలుపెట్టి వరుసగా రాయాలన్నది నిబంధన కనుక, అందులో కాఫీ కంటే చక్కెరే ఎక్కువన్నమాట. కలిపిన తర్వాత డబ్బులు వాపసు ఇవ్వబోమని యజమాని తేల్చి చెప్పాడు. డబ్బు సంగతి అటుంచితే, షుగర్ ఉన్న మనిషికి తీపి వద్దని ముందే చెప్పినా నిజం చెప్పకుండా తీపి తాగించడం నాకు చాలా బాధ కలిగించింది.

అసలు కోల్డ్ బ్రూ అంటే బరకగా పట్టిన కాఫీ గింజల పొడిని చల్లటి నీళ్లలో 12 నుంచి 24 గంటల వరకు నానబెట్టి వడకట్టినది. అందులో కాఫీ, నీళ్లు తప్ప మరేమీ ఉండవు. పొడి ఎక్కువ పడుతుంది, సమయం పడుతుంది, అందుకే ధర కూడా ఎక్కువ. మనం చెప్పాక అప్పటికప్పుడు తయారు చేయడం ఎవరి వల్లా కాదు కాబట్టి, ముందే వడకట్టి ఫ్రిజ్‌లో పెట్టిన సీసాలోంచి పోస్తున్నారా, ప్యాకెట్ చింపుతున్నారా అన్నది కళ్లారా చూడండి.

ఇన్‌స్టంట్ పొడితో చేసిందల్లా చెడ్డదని నేను అనడం లేదు. 1957లో గ్రీస్‌లోని థెస్సలోనికిలో పుట్టిన ఫ్రాపే కూడా ఇన్‌స్టంట్ పొడిని నురగ వచ్చేలా గిలకొట్టి చేసేదే. దాన్ని దాని పేరుతో, దాని ధరకు అమ్మితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. పాలు, చక్కెర, ఐస్‌క్రీమ్ వేసి మిక్సీ పట్టే మామూలు కోల్డ్ కాఫీ తియ్యగా ఉంటుందని అందరికీ తెలుసు. తీపి వద్దనుకునేవారికి కోల్డ్ బ్రూ దొరకకపోతే, ఎస్ప్రెసోలో (మెషీన్‌లో దింపే చిక్కటి కాఫీ) చల్లటి నీళ్లు, ఐస్ వేసే ఐస్డ్ అమెరికానో మంచిది, ఎందుకంటే మెషీన్‌లోంచి కాఫీ దిగడం మన ఎదుటే కనిపిస్తుంది. ఎస్ప్రెసోలో పాలు, ఐస్ కలిపే ఐస్డ్ లాటేలో చక్కెర వేయకపోయినా పాలలో సహజంగా ఉండే చక్కెర ఉంటుందని షుగర్ ఉన్నవాళ్లు గుర్తుంచుకోవాలి.

చికోరీ విషయం కూడా అడగండి. కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలి, రెండింటి శాతాలూ ప్యాకెట్ మీద రాయాలి. అంటే దాదాపు సగం చికోరీ ఉన్న పొడికి కూడా మీరు గింజల కాఫీ ధర చెల్లిస్తూ ఉండవచ్చు.

బిల్లు తప్పకుండా తీసుకోండి. దాని మీద 14 అంకెల ఆహార లైసెన్సు నంబర్ ఉండాలి. నేను బిల్లు, ప్యాకెట్ ఫొటో దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేశాను. అదే దుకాణంలో మీకూ ఇలాగే జరిగి ఉంటే మీరు కూడా ఫిర్యాదు చేయండి.