మిద్దె మీద బార్‌బెల్: ఏళ్లుగా వాడాక నా మాట

బరువులెత్తితే బరువు తగ్గుతామా అని తెలిసినవాళ్లు అడుగుతూనే ఉంటారు. వెయింగ్ మెషీన్‌లో అంకె తగ్గడమే కావాలంటే బార్‌బెల్ (రెండు చివరలా ప్లేట్లు తగిలించి ఎత్తే ఇనుప కడ్డీ) కోసం డబ్బు పెట్టకండి. నడుము సన్నబడాలి, ఒంట్లో సత్తువ పెరగాలి అనుకుంటే నిశ్చింతగా కొనండి.

తిరుపతిలో మా మిద్దె మీద 20 కిలోల బార్, ఇనుప ప్లేట్లు, స్టాండు, బెంచీ ఉన్నాయి. తెల్లవారుజామునే స్క్వాట్ (బార్ భుజాల మీద పెట్టుకుని గుంజీ తీయడం), డెడ్‌లిఫ్ట్ (నేల మీది బార్ ఎత్తి నిలబడటం), బెంచ్ ప్రెస్ (బెంచీ మీద పడుకుని బార్‌ను పైకి నెట్టడం) చేస్తాను. మా ఊరి ఎండాకాలంలో పొద్దెక్కితే ఇనుము ముట్టుకోలేం. వానలకు ప్లేట్ల అంచులు తుప్పు పట్టాయి గానీ, నూనెగుడ్డతో తుడుస్తుంటే పని నడిచిపోతోంది.

మొదటి వారాల్లో బరువు కాస్త పెరగవచ్చు. చాలామంది అక్కడే బెంబేలెత్తి మానేస్తారు, అదే నాకు బాధ. అలా పెరిగేది చాలావరకు నీరు. కొత్తగా శ్రమపడిన కండరాలు కొద్దిగా వాచి నీటిని పట్టి ఉంచుతాయి. వాటిలో నిల్వ ఉండే గ్లైకోజెన్ అనే పిండిపదార్థం కూడా గ్రాముకు దాదాపు 3 గ్రాముల నీటిని వెంట తెచ్చుకుంటుంది. ఆ తర్వాత కొవ్వు కరుగుతూ కండ పెరిగితే అంకె కదలకపోవచ్చు. కండ కొవ్వుకన్నా చిక్కనిది, అంతే బరువుకు తక్కువ చోటు చాలు. నా బరువు దాదాపు అక్కడే ఉంది. బెల్టుకు మాత్రం గాంధీ రోడ్డులో కొత్త రంధ్రం వేయించుకోవలసి వచ్చింది. అందుకే కొలిచే టేపు కూడా దగ్గర పెట్టుకోండి.

కండ పెరిగితే నిద్రలోనే కొవ్వంతా కరుగుతుందన్న ప్రచారం నమ్మకండి. కిలో కండ విశ్రాంతిలో రోజుకు ఖర్చు చేసేది సుమారు 13 కేలరీలే, కిలో కొవ్వులో ఉన్నవి దాదాపు 7,700. బరువు తగ్గేది కంచం దగ్గరే. నేను సంగటి ముద్ద చిన్నది చేసి గుడ్లు, ఉలవలు, పప్పు పెంచాను. అయితే తిండి తగ్గించి ఊరికే కూర్చుంటే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. దాన్ని చాలావరకు నిలబెట్టేది ఈ ఇనుమే. అలిపిరి దారిలో మోకాళ్ల పర్వతం దగ్గర ఇప్పుడు నా కాళ్లు వణకడం లేదు. ఆ ఒక్కటి చాలు నాకు.

ఒంటరిగా చేసేవారు భద్రతా కడ్డీలున్న స్టాండే కొనాలి. బెంచ్ ప్రెస్‌లో బార్ పైకి లేవకపోతే ఛాతీ మీద పడకుండా ఆపేవి అవే.