సికింద్రాబాద్ బోర్డా, భువనేశ్వర్ బోర్డా: రాయగడ వైపు నుంచి లోకో పైలట్ ఉద్యోగానికి దరఖాస్తు చేసేవారికి ఏది మేలు?

రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ (ఇంజను నడిపేవారికి సహాయకుడు) ఉద్యోగాలకు ప్రకటన వెలువడిన ప్రతిసారీ ఒడిశాలోని రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి ప్రాంతాల తెలుగు కుర్రవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒక్కటే. దరఖాస్తు రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డుల్లో సికింద్రాబాద్ బోర్డుకు పెట్టాలా, భువనేశ్వర్ బోర్డుకు పెట్టాలా? 2025 ప్రకటన వచ్చినప్పుడు ఈ ప్రశ్న మా ఇంట్లోకే వచ్చింది. ఫిట్టర్ ట్రేడులో ఐటీఐ పూర్తిచేసిన మా మేనల్లుడు నా ఎదుట కూర్చుని "మావయ్యా, నువ్వు ఏది పెట్టమంటే అది పెడతాను" అన్నాడు. గూడ్సు బళ్ల మీద చాలా ఏళ్లు పనిచేసి ఉద్యోగ విరమణ చేసినవాడిని గనుక, వాడికి చెప్పిన సంగతులనే కొంచెం వివరంగా ఇక్కడ రాస్తున్నాను.

అర్హతలు, వయసు, రుసుము వంటివి అభ్యర్థులకు తెలిసినవే కాబట్టి వాటి జోలికి వెళ్లను. ఒకే ప్రకటనకు రెండు బోర్డులకు దరఖాస్తు చేస్తే రెండూ తిరస్కరణకు గురవుతాయని మాత్రం గుర్తుంచుకోవాలి. ఈ నిబంధన వల్లే ఎంపిక ఇంత బరువైనదయింది. ఒడిశాలో పుట్టి పెరిగినవారు సికింద్రాబాద్‌కు పెట్టకూడదనీ, ఆంధ్రవారు భువనేశ్వర్‌కు పెట్టకూడదనీ మన వైపు ఒక అపోహ ఉన్నది. అటువంటి నిబంధన ఏదీ లేదు. దేశంలో ఎక్కడివారైనా ఏ బోర్డునైనా ఎంచుకోవచ్చు. తెలుగు ప్రశ్నపత్రం కోసం సికింద్రాబాద్‌కే పెట్టాలనుకోవడమూ పొరపాటే. కంప్యూటర్ పరీక్షలు ఏ భాషలో రాయాలన్నది దరఖాస్తులో మనం ఎంచుకునే భాషను బట్టి ఉంటుంది.

ఇక లెక్కల సంగతి. 2024 ప్రకటన మొదట 5,696 ఖాళీలతో వచ్చింది. అందులో సికింద్రాబాద్ బోర్డుకు 758, భువనేశ్వర్ బోర్డుకు 280 చూపారు. తరువాత మొత్తం ఖాళీలను 18,799కి పెంచారు. 2025 ప్రకటనలో మొత్తం 9,970 ఖాళీలుండగా, జోన్లవారీగా చూస్తే అన్నిటికంటే ఎక్కువగా మన రాయగడ ఉన్న ఈస్ట్ కోస్ట్ రైల్వేకు 1,461 వచ్చాయి. సౌత్ సెంట్రల్ రైల్వేకు 989. కుర్రవాళ్లలో ఎక్కువమంది ఈ అంకెలను చూసే నిర్ణయం తీసుకుంటారు. ఖాళీలు ఎక్కడ ఎక్కువో అక్కడ కటాఫ్ తగ్గుతుందన్నది వారి లెక్క. ఖాళీలు ఎక్కువున్నచోటికి దరఖాస్తులు కూడా ఎక్కువే వస్తాయి కాబట్టి ఆ లెక్క ప్రతిసారీ తేలదు. తేలినా, నాలుగు మార్కుల వెసులుబాటు కోసం ముప్ఫై ఏళ్ల ఉద్యోగం ఎక్కడ చేయాలో నిర్ణయించుకోవడం నాకు సమ్మతం కాదు.

నా దృష్టిలో అన్నిటికంటే ముందు ఆలోచించవలసినది, డ్యూటీ దిగాక ఎక్కడ నిద్రపోతాం అన్నది. ఈ మాట చిన్నదిగా కనిపించవచ్చు కాబట్టి రన్నింగ్ సిబ్బంది (బళ్లు నడిపేవారు) జీవితం ఎలా నడుస్తుందో కొంత చెప్పాలి. గూడ్సు బండికి వేళాపాళా ఉండదు. ప్యాసింజరు, ఎక్స్‌ప్రెస్ బళ్లమీద పనిచేసేవారికి లింకు (ముందే వేసిన డ్యూటీ పట్టిక) ఉంటుంది గనుక రేపు ఏ బండి ఎక్కాలో ఈరోజే తెలుస్తుంది. గూడ్సు మీద ఉన్నవారికి కాల్ వచ్చేదాకా తెలియదు. రాత్రి ఒంటిగంటకు కాల్ వస్తే లాబీకి (డ్యూటీలో హాజరు వేసుకునే చోటికి) వెళ్లి, శ్వాస పరీక్ష చేయించుకుని, సైన్ ఆన్ చేసి ఇంజను ఎక్కాలి. దారిలో స్టేషను పక్క పట్టాలైన లూప్ లైనులో రెండు మూడు గంటలు ఆగిపోవడం మామూలే. అటువైపు చేరాక రన్నింగ్ రూంలో కొన్ని గంటల విశ్రాంతి, మళ్లీ తిరుగుబండి. హెడ్‌క్వార్టర్‌కు, అంటే మన పోస్టింగు ఉన్న స్టేషనుకు, తిరిగివచ్చాక, డ్యూటీ ఎనిమిది గంటలు గాని అంతకుమించి గాని అయివుంటే 16 గంటల విశ్రాంతి ఇస్తారు. తక్కువైతే 12 గంటలు. వీటికి తోడు నెలలో నాలుగుసార్లు 30 గంటల చొప్పున గాని, ఐదుసార్లు 22 గంటల చొప్పున గాని పీరియాడిక్ రెస్ట్ ఉంటుంది.

ఆ 30 గంటలను ఒకసారి లెక్క కట్టి చూడండి. హెడ్‌క్వార్టర్ రాయగడలోనో కోరాపుట్‌లోనో ఉంటే ఆ సమయమంతా ఇంటిదే. టిట్లాగఢ్‌లో ఉన్నా మునిగుడ, తెరువలి మీదుగా బండి మారకుండా అదే లైనులో రాయగడ చేరవచ్చు. అదే సౌత్ సెంట్రల్‌లోని కాజీపేటలో ఉద్యోగమైతే విజయవాడ, విశాఖపట్నం, విజయనగరం మీదుగా రాయగడకు ఏడు వందల కిలోమీటర్లకు పైమాటే. వెళ్లడానికీ రావడానికీ పోగా ఇంట్లో అన్నం తినే వ్యవధి కూడా మిగలదు. ఒకవేళ వెళ్లివచ్చినా, ప్రయాణంలో నిద్ర చెడిన మనిషి మరునాడు ఇంజను ఎక్కి సిగ్నళ్లు చూడాలి. అసిస్టెంటు పని ప్రధానంగా కళ్లు తెరిచి ఉండే పని. ప్రతి సిగ్నల్‌నూ చూసి గట్టిగా పలకాలి, లోకో పైలట్ పలికినదాన్ని సరిచూడాలి, తెల్లవారుజామున మూడు నాలుగు గంటల వేళ మత్తును జయించాలి. విశ్రాంతి వేళల్లో ఇంటి మంచం మీద నిద్రపోయినవాడికీ, రైల్వే క్వార్టర్‌లో ఒంటరిగా వండుకుని తిని పడుకున్నవాడికీ ఇంజనులో తేడా కనబడుతుంది. ఇది నేను ఇద్దరిలోనూ చూశాను. ఆ రెండవవాడిగా చాలాకాలం ఉన్నాను కూడా.

ముందు ఉద్యోగం రానివ్వండి, తరువాత బదిలీ పెట్టుకుని వచ్చేస్తాం అంటారు పిల్లలు. నేనూ అలాగే అనుకున్నాను. చేరినది దూరపు డివిజన్‌లో. సొంత కోరికమీద బదిలీకి దరఖాస్తు పెట్టి తొమ్మిదేళ్లు ఎదురుచూశాను. బదిలీ వచ్చాక సీనియారిటీలో అందరికంటే అడుగున చేరాను. ఇది ఎవరో నాకు చేసిన అన్యాయం కాదు, సొంత కోరికమీద డివిజన్ మారేవారందరికీ వర్తించే నియమమే. దాని ఫలితం మాత్రం గట్టిది. అసిస్టెంటు నుంచి సీనియర్ అసిస్టెంటు, షంటింగు, గూడ్సు లోకో పైలట్, ప్యాసింజరు, మెయిలు వరకూ ప్రతి మెట్టూ ఆ సీనియారిటీ పట్టికను బట్టే ఎక్కాలి. అసిస్టెంటు పే లెవెల్ 2లో 19,900 రూపాయల మూలవేతనంతో మొదలుపెడితే, గూడ్సు లోకో పైలట్ లెవెల్ 6లో ఉంటాడు. నాతోపాటు శిక్షణ పొంది అక్కడే ఉండిపోయినవారు గూడ్సు నడుపుతున్న రోజుల్లో నేను ఇంకా అసిస్టెంటు సీటులోనే ఉన్నాను. ఇద్దరు ఉద్యోగులు పరస్పరం మారే మ్యూచువల్ బదిలీ ఉన్నది గాని, రాయగడ వైపు నుంచి వెళ్లగోరే మనిషి దొరకాలి కదా.

ఈ కారణం చేత నా మొగ్గు భువనేశ్వర్ వైపు. 2024, 2025 ప్రకటనల్లో ఆ బోర్డు కింద ఉన్నది ఈస్ట్ కోస్ట్ రైల్వే ఒక్కటే. ఎంపికైతే ఏ డివిజన్ దక్కుతుందన్నది మన చేతిలో లేకపోయినా, జోన్ మాత్రం దాటిపోదు.

సికింద్రాబాద్‌కు పెట్టేవారి వాదనలో బలం లేదని నేను అనను. లాబీలోనూ, రన్నింగ్ రూంలోనూ, వాకీటాకీలో స్టేషన్ మాస్టరుతోనూ తెలుగులో మాట్లాడుకునే అవకాశం కొత్తవాడికి పెద్ద ధైర్యం. అయితే రాయగడలో చదువుకున్న మన పిల్లలకు బడిలోనే ఒడియా వస్తుంది, సంతలో మాట్లాడేదీ అదే. ఆంధ్ర వైపు బంధువుల ఇళ్లలో ఉండి చదువుకుని ఒడియా అంతగా రానివారికి మాత్రం భాష విషయం నిజంగా ఆలోచించవలసినదే. రెండవ వాదన ఇంకా బలమైనది. 2024 ప్రకటనలో సికింద్రాబాద్‌కు మొదట చూపిన 758 ఖాళీలలో సౌత్ సెంట్రల్‌వి 559 కాగా, ఈస్ట్ కోస్ట్‌వి 199 ఉన్నాయి. అంటే ఆ బోర్డుకు పెట్టి, జోన్ల ప్రాధాన్యక్రమంలో ఈస్ట్ కోస్ట్‌ను ముందు రాసుకున్నవారికి రెండు తలుపులూ తెరిచి ఉన్నట్టే. కానీ ప్రాధాన్యం మెరిట్‌ను బట్టే నెరవేరుతుంది. మార్కులు కాస్త తగ్గినవాడు సౌత్ సెంట్రల్‌లో పడతాడు, అప్పుడు కాజీపేట లెక్క మళ్లీ ముందుకు వస్తుంది.

ఆ తలుపు ఇకముందు ఎలా ఉంటుందన్నది కూడా ఇక్కడే ఆలోచించాలి. 2025 ఫిబ్రవరిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ప్రకారం ఈస్ట్ కోస్ట్‌లోని పాత వాల్తేరు డివిజన్ రెండుగా విడిపోతుంది. పలాస–విశాఖపట్నం–దువ్వాడ, కునేరు–విజయనగరం, నౌపడా–పర్లాకిమిడి, బొబ్బిలి–సాలూరు వంటి సుమారు 410 కిలోమీటర్ల మార్గం విశాఖపట్నం డివిజన్‌గా కొత్త సౌత్ కోస్ట్ జోన్‌లోకి వెళ్తుంది. కొత్తవలస–బచేలి, కునేరు–తెరువలి, సింగపూర్ రోడ్–కోరాపుట్, పర్లాకిమిడి–గుణుపురం మార్గాలు కలిసి సుమారు 680 కిలోమీటర్లు రాయగడ డివిజన్‌గా ఈస్ట్ కోస్ట్‌లో ఉంటాయి. పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్నబండి లైను నౌపడా నుంచి గుణుపురం దాకా ఒకే దారిగా బతికింది. ఇప్పుడు అది పర్లాకిమిడి దగ్గర రెండు జోన్ల మధ్య హద్దవుతున్నది. ఆ లైను పక్కన పెరిగినవాడిగా ఈ మాట రాస్తుంటే మనసు ఒకలా ఉన్నది.

అభ్యర్థికి దీనివల్ల కలిగే ఫలితం ఏమిటంటే, మన ఊళ్ల మధ్యగా బైలాడిలా ఇనుప ఖనిజాన్నీ, దమన్‌జోడి అల్యూమినానూ మోసే బళ్లలో ఎక్కువ భాగం రాయగడ డివిజన్ పట్టాలమీద నడుస్తాయి. అనంతగిరి ఘాట్‌లో నిండు లోడు బండిని బ్రేకు అదుపులో దించడం నేర్చుకున్నవాడు ఏ లైనులోనైనా పనిచేయగలడు. ఆ పని ఇంటికి దగ్గరగా దొరికే వీలు ఈస్ట్ కోస్ట్‌లోనే ఉన్నది. సికింద్రాబాద్ బోర్డు కింద ఈస్ట్ కోస్ట్ ఖాళీలు మునుముందు కూడా ఉంటాయన్న భరోసాతో మాత్రం ఎవరూ పెట్టవద్దు. ప్రతి ప్రకటన చివర బోర్డువారీగా, జోన్‌వారీగా ఖాళీల పట్టిక ఉంటుంది. రుసుము కట్టేముందు ఆ పట్టికలో మీ బోర్డు ఎదురుగా ఏయే జోన్లు ఉన్నాయో మీ కళ్లతో చూసుకోండి.

ముంబై, బిలాస్‌పూర్ బోర్డులను కూడా కొందరు అడుగుతారు. మన వైపువారికి వాటివల్ల కలిగే మేలు నాకు కనిపించలేదు. టెక్నీషియన్ గ్రేడ్ 3 వేరే ప్రకటన. జీతం అదే లెవెల్ 2లో మొదలవుతుంది, పని ఒకచోటనే ఉంటుంది, బండి నడిపిన దూరాన్ని బట్టి వచ్చే కిలోమీటర్ అలవెన్సు ఉండదు. కళ్లద్దాలు ఉన్నవారు దాని వైపు చూడటం మంచిది.

కళ్ల ప్రస్తావన వచ్చింది గనుక, ఏ బోర్డుకు పెట్టినా మారని రెండు సంగతులు చెబుతాను. లోకో పైలట్‌కు వైద్య ప్రమాణం ఏ-1. కళ్లద్దాలు లేకుండా రెండు కళ్లకూ దూరపు చూపు 6/6 ఉండాలి, రంగుల గుర్తింపులో లోపం ఉండకూడదు, లేజర్‌తో చూపు సరిచేయించుకున్నవారు అనర్హులు. పరీక్షలన్నీ గెలిచి వైద్యంలో తప్పితే బదులుగా మరో ఉద్యోగం ఇవ్వరు. అందుచేత పుస్తకాలు కొనకముందే కంటి వైద్యుడి దగ్గరకు వెళ్లాలి. రెండవది ఆప్టిట్యూడ్ పరీక్ష. తుది మెరిట్‌లో రెండవ దశ పరీక్ష మొదటి భాగానికి 70 శాతం, దీనికి 30 శాతం. ఇందులోని ప్రతి విభాగంలోనూ కనీసం 42 టీ-స్కోరు (మిగతా అభ్యర్థులతో పోల్చి కట్టే స్కోరు) రావాలి, ఏ వర్గానికీ సడలింపు లేదు, ప్రశ్నలు హిందీ, ఇంగ్లీషులలోనే ఉంటాయి. తెలుగులో మొదటి రెండు దశలు బాగా రాసినవారు ఇక్కడ సూచనలు అర్థంకాక తడబడిపోతారు. రైల్వే పరిశోధన సంస్థ ఆర్‌డీఎస్‌ఓ తన వెబ్‌సైట్‌లో ఉంచిన నమూనా ప్రశ్నలను ఆ రెండు భాషల్లో ఒకదానిలో రోజూ సాధన చేయాలి.

సరిహద్దు కుటుంబాలకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటుంది. కేంద్రం ఓబీసీ జాబితా రాష్ట్రాలవారీగా ఉంటుంది. ఆంధ్ర జాబితాలో ఉన్న కులం ఒడిశా జాబితాలో ఉన్నదో లేదో, తండ్రిగారి స్వస్థలం ఏ రాష్ట్రమో చూసుకోకుండా దరఖాస్తులో వర్గం రాస్తే ధ్రువపత్రాల పరిశీలనలో ఆగిపోతారు. బోర్డు మార్చినంత మాత్రాన ఈ చిక్కు తీరదు. తహసీల్ కార్యాలయంలో పత్రం చేతికి వచ్చేసరికి వారాలు పడుతుంది కాబట్టి ప్రకటన రాకముందే కదలాలి.

మా మేనల్లుడి కళ్లు ముందుగా రాయగడలో పరీక్ష చేయించాము. రెండూ 6/6 వచ్చాయి. వాడి స్నేహితులిద్దరు సికింద్రాబాద్‌కు పెట్టారు, వాడు భువనేశ్వర్‌కు పెట్టాడు. పరీక్ష భాష తెలుగే ఎంచుకున్నాడు. సాయంత్రాలు మా ఇంటికి వచ్చి ఆప్టిట్యూడ్ నమూనాలు హిందీలో చేస్తున్నాడు. అర్థంకాని మాట వచ్చినప్పుడు నేను చెబుతున్నాను.